తొమ్మిదో తరగతి లెక్కల కాగితం: ఆ 20 మార్కులు పోయిన దగ్గర్నుంచీ ఇదే పేచీ

మళ్లీ అదే కాగితం, మళ్లీ అదే గొడవ. జూన్‌లో బళ్లు తెరిచిన వారానికే కోనసీమలోని ఒక ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి లెక్కల మాస్టారు పిల్లల చేతికి ఒక జిరాక్సు కాగితం ఇచ్చి, ఇంట్లో సంతకం పెట్టించుకు రమ్మన్నారు. బీజగణితం క్లాసు ఎలా నడుస్తుంది, నోట్సు ఎలా ఉండాలి, మార్కులు ఎలా పడతాయి అన్నది అందులో ఉంది. సగం సంతకాలు వచ్చాయి, సగం ఫోన్లు వచ్చాయి. పోయినేడాదీ ఇంతే.

కాగితంలో చాలా భాగం మీద ఎవరికీ అభ్యంతరం లేదు. లాంగ్ నోట్సు పెట్టాలి. కుడివైపు మార్జిన్ గీసి రఫ్ వర్కు అక్కడే చెయ్యాలి. ప్రతి మెట్టూ రాయాలి, జవాబు ఒక్కటే రాస్తే మార్కు లేదు. తప్పు పోతే ఒక్క గీతతో కొట్టెయ్యాలి, వైట్‌నర్ వద్దు. పేచీ అంతా మూడు నియమాల మీద. హోంవర్కుకు మార్కులు ఉండవు, కానీ అది చెయ్యనివాళ్లను స్లిప్ టెస్టుకు, అంటే పాఠం అయ్యాక పెట్టే చిన్న పరీక్షకు, కూర్చోనివ్వరు. ఆలస్యంగా తెచ్చినా తీసుకుంటారు, ఆ పాఠం స్లిప్ టెస్టు లోపు తెస్తే చాలు. టెస్టులో 20కి 10 రానివాళ్లు ఎక్కడ తప్పు పోయిందో పక్కన మాటల్లో రాసి, వారంలోపు మళ్లీ పరీక్ష రాయాలి. రెండోసారి వచ్చిన మార్కే రిజిస్టరుకెక్కుతుంది.

ఈ మూడోదే కొందరికి మింగుడు పడలేదు. మా అమ్మాయి మొదటిసారే 18 తెచ్చుకుంది, రెండోసారి రాసి 18 తెచ్చుకున్న అబ్బాయీ ఆమే ఒకటా అన్నది వాళ్ల ప్రశ్న. హోంవర్కుకు మార్కులు వెయ్యాలి, లేటుగా తెస్తే కొయ్యాలి, అప్పుడే పిల్లలు దారిలో ఉంటారన్నది వాదన. ట్యూషన్లకు పంపే ఇళ్ల నుంచే ఈ మాట ఎక్కువగా వస్తోంది. తప్పుపట్టడానికి లేదు. డబ్బు ఖర్చు పెట్టినవాళ్లు తేడా కనబడాలనుకుంటారు.

తెలుగులో లెక్కల కథ చెప్పమంటే గణితాన్ని పద్యాల్లో తెనిగించిన పాతకాలపు కవి పావులూరి మల్లన దగ్గర మొదలుపెట్టొచ్చు. బెత్తం రోజులు, గోడకుర్చీలు, 2010 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టం, అందులోని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించడం అందరికీ తెలిసినవే. దాటేద్దాం. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. ఆ చట్టం ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. ఎనిమిది దాకా చట్టం చెయ్యి పట్టుకుని నడిపిస్తే, తొమ్మిదో తరగతిలో పిల్లవాడికీ పరీక్షకీ మధ్య మిగిలేది మాస్టారి నియమాలే. బీజగణితం అసలు బరువు పడేదీ అక్కడే. అగ్గిపుల్లల ఆకారాలతో ఆరో తరగతిలో పరిచయమైన ఎక్స్, తొమ్మిదిలో బహుపదులై, కారణాంకాలై కూర్చుంటుంది.

గొడవకు మూలం ఈ కాగితంలో లేదు. నా లెక్కలో అది 2019–20లో ఉంది.

అంతకుముందు సంగతి రెండు మాటల్లో. నిరంతర సమగ్ర మూల్యాంకనం, అందరూ సీసీఈ అనేది, పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లోకి మన ఆంధ్రప్రదేశ్‌లో 2017 మార్చిలో వచ్చింది. రాత పరీక్షకు 80, బడిలో వేసే మార్కులు 20. ఆ 20 ఎక్కడివంటే ఎఫ్ఏల నుంచి, అంటే ఏడాది మధ్యలో బడిలోనే పెట్టే ఫార్మేటివ్ అసెస్‌మెంట్ల నుంచి. ఒక్కో ఎఫ్ఏ 50 మార్కులకు: క్లాసులో పాల్గొనడానికీ ప్రతిస్పందనలకూ 10, రాత పనికి 10, ప్రాజెక్టుకు 10, స్లిప్ టెస్టుకు 20. కాగితం మీద చక్కగా ఉంది. హోంవర్కుకు విలువ ఉండాలని ఇవాళ అడుగుతున్నవాళ్లు కోరుకునేది సరిగ్గా ఇదే.

జరిగింది వేరు. రాత పని అంటే గైడు చూసి ఎక్కించిన నోట్సు. ప్రాజెక్టు అంటే పరీక్షకు ముందురోజు రాత్రి అక్కయ్య గీసిన చార్టు. ప్రతిస్పందనలంటే రిజిస్టరు నింపడం. ఏ బడి చూసినా 20కి 19, 20. ముఖ్యంగా ప్రైవేటు బళ్లు అందరికీ పూర్తి మార్కులు దోచిపెడుతున్నాయన్న ఆరోపణలు గట్టిగా వినిపించాయి. 2019లో రాష్ట్ర ఉత్తీర్ణత 94.88 శాతం. ఆ తర్వాతి విద్యా సంవత్సరంలో ప్రభుత్వం ఆ 20 మార్కులు తీసేసింది, చిన్న చిన్న ప్రశ్నల బిట్ పేపరునూ విడిగా లేకుండా చేసింది. ఇకనుంచి అంతా రాతలోనే అంది.

అప్పట్లో చాలామంది హమ్మయ్య అనుకున్నారు. నేనూ అనుకున్నాను. లెక్కల మాస్టార్లు మాత్రం వేరే మాట చెప్పారు, ఎవరూ పట్టించుకోలేదు. మార్కులు పోయాయి కానీ నోట్సు పోలేదు, ఎఫ్ఏలు పోలేదు, దిద్దడం పోలేదు. నోట్సు దేనికి రాయాలో పిల్లవాడికి చెప్పే కారణం ఒక్కటే పోయింది. మార్కుల కోసం కాకపోతే మరి దేనికండీ అని పిల్లలు అడిగితే, నేర్చుకోవడానికిరా అని చెప్పే అలవాటు అప్పటికే తప్పిపోయింది.

ఆ తర్వాత వచ్చిన మలుపు ఎవరూ ఊహించనిది. అంతా రాతలోనే అన్న ఏడాదే రాత పరీక్ష జరగలేదు. కొవిడ్‌తో 2020 పరీక్షలు రద్దు, 2021వీ రద్దు. అందరూ పాసే. కానీ పై చదువులకూ ఉద్యోగాలకూ గ్రేడు కావాలి కదా. అది ఎలా ఇవ్వాలో తేల్చడానికి ఛాయారతన్ కమిటీని వేశారు. ఆ కమిటీకి చేతికందినవి బళ్లలోని పాత అంతర్గత పరీక్షల మార్కులే. ఏ మార్కులను నమ్మలేమని తీసేశారో, ఆ మార్కులతోనే మెమోలు తయారయ్యాయి. 2021 బ్యాచికి ఎఫ్ఏలో స్లిప్ టెస్టుకు 70 శాతం, మిగతా మూడింటికీ కలిపి 30 శాతం విలువ ఇచ్చారు. అంటే ప్రాజెక్టునూ నోట్సునూ నమ్మలేదు, కూర్చుని రాసినదాన్ని కాస్త నమ్మారు.

ఇప్పుడు గొడవైన కాగితం ఆ 70–30 లోంచే పుట్టింది. మాస్టారు ఈ మాట నాతో అనలేదు, కానీ కాగితం పక్కన పెట్టుకుని చూస్తే తెలుస్తుంది. హోంవర్కుకు మార్కు వేస్తే గైడు దిగుతుంది. మార్కు వెయ్యకపోతే చెయ్యరు. అందుకని దాన్ని మార్కు చెయ్యకుండా టెస్టుకు టికెట్టు చేశారు. లేటుగా తెచ్చినా తీసుకోవడం దయ కాదు, ఆ లెక్కలు చెయ్యనిదే తర్వాత పాఠం అర్థం కాదు కాబట్టి.

2022 పదో తరగతి బ్యాచిని ఒకసారి చూడండి. ఎనిమిదో తరగతి చివర 2020 మార్చిలో బళ్లు మూతపడ్డాయి. తొమ్మిదో తరగతికి బడి తెరిచింది ఆ ఏడాది నవంబర్ 2న, మళ్లీ మూసింది ఏప్రిల్‌లో. బహుపదులు, కారణాంకాలు, రెండు చరరాశుల సమీకరణాలు ఆ కొద్ది నెలల్లో మాస్కు వెనకాల నుంచి విన్నారు. పదికొచ్చేసరికి 11 పేపర్లు 7 అయ్యాయి. లెక్కలకు ఇదివరకు రెండు పేపర్లు ఉండేవి, బీజగణితం ఎక్కువగా మొదటి పేపరులో, త్రిభుజాలూ త్రికోణమితీ రెండోదానిలో. ఒకదాంట్లో తగ్గితే ఇంకోదాంట్లో లాక్కొచ్చేవారు. ఇప్పుడు ఒకే రోజు, 100 మార్కులు, ఒకే పేపరు. ఉత్తీర్ణత 67.26 శాతం. మూడేళ్ల కిందటి 94.88 పక్కన పెట్టి చూడండి. ఆ జూన్‌లో ఫలితాల మీద జరిగిన రాజకీయ రభస అందరికీ గుర్తుంది. తొమ్మిదో తరగతి మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

డెల్టాలో ఆ ఏడాది ఇంకో దెబ్బ. బళ్లు జులై 5న తెరిస్తే రెండు వారాలు తిరక్కుండానే ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంక ఊళ్లలో ఇళ్లే నీళ్లలో ఉంటే నోట్సు సంగతి చెప్పక్కర్లేదు. ఆలస్యపు హోంవర్కు మీద కోత వెయ్యాలనేవాళ్లు ఒక్క పని చెయ్యాలి, ఆగస్టులో ఒకసారి రేవు దాటి వెళ్లి రావాలి. అక్కడి ఒక తల్లిని సంతకం పెట్టారా అని అడిగాను. "పెట్టానండి. ఆలస్యమైనా తీసుకుంటానని రాశారు కదండీ, ఆయ్. ఇదివరకు నాలుగు రోజులు పడవ లేకపోతే అన్నీ సున్నాలే" అంది. మళ్లీ రాసే పరీక్ష గురించి ఆమెకు పేచీ లేదు. మావాడికి ఒకటోసారి ఏదీ రాదండి అని నవ్వింది.

ఎక్కువ మార్కుల వాళ్లకు అన్యాయం అన్న వాదనకు స్టాఫ్ రూంలో ఒక జవాబుంది. పబ్లిక్‌లో పాస్ మార్కు 35. ఎఫ్ఏలో వచ్చిన 18 అక్కడికి రాదు, 2019 తర్వాత రావడం మానేసింది. అక్కడికి రాని మార్కులో ఎవరు ముందు అన్న తగువు ఎందుకని. ఇది పూర్తి జవాబు కాదు. ర్యాంకు లేకపోతే పిల్లలకు ఊపు రాదనే ఇళ్లు ఉన్నాయి, వాళ్ల పిల్లలు ఆ ఊపుతోనే చదువుతున్నారు కూడా. కానీ సంతకాల గొడవలో ఈ జవాబు చెప్పే అవకాశం మాస్టారికి రాలేదు.

పై నుంచి వచ్చే మార్పులూ ఆగలేదు. 2024–25లో పదో తరగతికి ఎన్సీఈఆర్టీ పుస్తకాలు వచ్చాయి. 2025–26లో ఎఫ్ఏ, ఎస్ఏ (సమ్మేటివ్ అసెస్‌మెంట్, టర్ము చివరి పెద్ద పరీక్ష) జవాబులన్నీ ఒకే అసెస్‌మెంట్ పుస్తకంలో రాయించే పద్ధతి పెట్టారు, దిద్దే భారం పెరిగిందని ఉపాధ్యాయ సంఘాలు మొత్తుకున్నాయి. అరవైమంది సెక్షనులో రెండోసారి పరీక్ష పెడతానని తనకు తానే ఒప్పుకున్న మాస్టారిని వింతగా చూసే తోటి టీచర్లూ ఉన్నారు.

కాగితంలో అందరూ దాటేసిన నియమం ఒకటుంది. దసరా సెలవుల దాకా ఎవరూ "పక్షాంతరం చేయగా" అని (అంకెను గుర్తు మార్చి సమానం గుర్తుకు అటు పంపడం) రాయకూడదు. "ఇరువైపులా 5 తీసివేయగా" అనే రాయాలి. 3ఎక్స్ + 5 = 20 అంటే 5ని అటు పంపితే మైనస్ అవుతుందని పిల్లలు బట్టీ పట్టేస్తారు. 3 కూడా అటు వెళ్తే మైనస్ 3 అవుతుందనుకుని, ఎక్స్ = 15 – 3, జవాబు 12 అని రాసేస్తారు. మళ్లీ రాసిన ఒక పేపరు మాస్టారు చూపించారు, పేరు మడిచి. మొదటిసారి అదే 12. పక్కన పెన్సిలుతో, పిల్లవాడి రాతలో: "3 అటు వెళ్లలేదు. 3 ఎక్స్‌లు కలిపి 15. నేను పంపించేశాను." కింద ఎక్స్ = 5. మొదటిసారి 20కి 6, రెండోసారి 14.

అటు సంతకాలు రాని కాగితాలు ఇంకా హెడ్మాస్టరు టేబులు మీదే ఉన్నాయి. ఎఫ్ఏ-1 అయ్యాక తల్లిదండ్రుల్ని పిలిచి మాట్లాడదామన్నారు. అది అయ్యేసరికి ఎటూ వరదల రోజులొచ్చేస్తాయి, లంకల వాళ్లు ఆ మీటింగుకు రాగలరో లేదో చూడాలి.