మందుల దుష్ప్రభావాలు: కౌన్సెలర్లలో ఉన్న అపోహలు, వాస్తవాలు

మందులు రాసేది మానసిక వైద్యులు కనుక వాటి దుష్ప్రభావాల గురించి అడగవలసిన బాధ్యత కూడా వారిదేనన్నది ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల కౌన్సెలర్ల నోట నేను తరచుగా వినే అపోహ. నెలకొకసారి బరంపురమో విశాఖపట్నమో వెళ్లి వైద్యుడిని కొద్ది నిమిషాలు మాత్రమే కలిసే మనిషి, వారం వారం మీ ఎదుట గంటసేపు కూర్చుంటాడు. బరంపురంలో ఒడియాలో చెప్పుకోలేకపోయిన బాధను ఇక్కడ ఇంటి తెలుగులో చెబుతాడు. మందు మార్చే అధికారం మీకు లేకపోయినా, తేడాను ముందుగా పసిగట్టగలిగేది మీరే.

అపోహ: మందు మొదలయ్యాక అశాంతి పెరిగిందంటే జబ్బు ముదిరినట్టే.

వాస్తవం: భ్రమలు, భ్రాంతులు ఉన్న సైకోసిస్ జబ్బుకు ఇచ్చే హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ వంటి మందుల వల్ల అకథీసియా, అంటే ఒక్కచోట కుదురుగా ఉండనివ్వని అశాంతి, రావచ్చు. రోగి "కాళ్లు నిలవడం లేదు, ఒక్కచోట కూర్చోలేకపోతున్నాను" అంటాడు, మాట్లాడుతూనే లేచి గదిలో తిరుగుతాడు. దానిని ఆందోళనగా భావించి శ్వాస వ్యాయామాలు నేర్పితే ఉపయోగం ఉండదు. మోతాదు తగ్గించడమో, ప్రొప్రనలాల్ వంటి మందు ఇవ్వడమో వైద్యుడు నిర్ణయించాలి. ఈ బాధ భరించలేక ప్రాణం తీసుకోవాలనుకునేవారు కూడా ఉంటారు కాబట్టి, దీనిని వచ్చే నెల దాకా వాయిదా వేయకూడదు.

హాలోపెరిడాల్ మొదలుపెట్టిన మూడో రోజున ఒక యువకుడిని నా దగ్గరికి తీసుకొచ్చారు. మెడ ఒక పక్కకు మెలి తిరిగిపోయి, కళ్లు పైకి నిలిచిపోయి ఉన్నాయి. గాలి సోకిందని ఇంటివాళ్లు అప్పటికే చేతికి తాయెత్తు కట్టారు. ప్రొమెథజిన్ ఇంజెక్షన్ ఇచ్చిన అరగంటలో మెడ నిటారుగా వచ్చింది. ఇది డిస్టోనియా, అంటే కండరాలు బిగుసుకుపోయి మెలి తిరగడం అని, మందు వల్ల వచ్చి మందుతోనే తగ్గుతుందని ముందే చెప్పి ఉంటే ఆ తల్లి అంతగా హడలిపోయేది కాదు.

అపోహ: మోతాదు మారనంతకాలం లిథియంతో (బైపోలార్ జబ్బుకు ఇచ్చే మందు) ప్రమాదం లేదు.

వాస్తవం: చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు తీసిన రక్తంలో లిథియం సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలి. ఎండలో పొలం పనిచేసి చెమటలు కారినా, విరేచనాలైనా, కీళ్ల నొప్పులకు మందుల షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుని మింగినా, అదే మోతాదుతోనే ఆ స్థాయి పెరిగిపోగలదు. సరిహద్దుకు అవతల శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బులు ఎంత విస్తారంగా ఉన్నాయో మనకు తెలుసు. లిథియం కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది కనుక, ఆ ఊళ్ల నుంచి వచ్చేవారికి కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్ష ఎప్పుడు చేశారో తప్పక అడగండి. చేతులు బాగా వణుకుతూ, వాంతులవుతూ, నడక తూలుతూ, మాట ముద్దగా వస్తుంటే అదే రోజు ఆసుపత్రికి పంపాలి.

డిప్రెషన్‌కు, ఆందోళనకు ఇచ్చే ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ అలవాటుగా మారతాయన్న భయం కూడా ఉంది. ఆందోళనను వెంటనే తగ్గించే ఆల్‌ప్రజోలమ్‌లా అవి వ్యసనం కావు గాని, హఠాత్తుగా ఆపితే తల తిరగడం, వికారం, కరెంటు షాక్ కొట్టినట్టు అనిపించడం జరుగుతాయి. 25 ఏళ్ల లోపు వారిలో తొలి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చు కనుక ప్రతిసారీ సూటిగా అడగండి. ఈ మాత్రల వల్ల లైంగిక ఇబ్బంది వచ్చిందని మగవారు తమంతట తాము చెప్పరు. మౌనంగా మాత్రలు మానేస్తారు. ఆ ప్రశ్న మీరే వేసి, మాత్ర పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ, ఇబ్బంది మొదలైన తేదీ ఒక చీటీ మీద రాసి, వైద్యుడికి చూపించమని వారి చేతికివ్వండి.