గడ్డిని విప్పే కూలీలు

చిరంజీవులు సుమతికి, గోపికి తాతయ్య ఆశీస్సులు.

కనుమ నాడు మీరిద్దరూ బేసిన్ నిండా అన్నం, పరమాన్నం తెచ్చి ఆవు ముందు పెట్టబోతే నేను వద్దన్నాను. రెండు ముద్దలు చాలన్నాను. సుమతి అలిగింది. మొన్న ఫోన్‌లో అదే అడిగింది: "ఎండుగడ్డిని అరిగించుకునే ఆవుకి మెత్తటి అన్నం ఎందుకు పడదు తాతయ్యా?" ఇది ఫోన్‌లో తేలే ప్రశ్న కాదమ్మా. అందుకే ఉత్తరం.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. గడ్డిని అరిగించేది ఆవు కాదు. గడ్డిలో ఉండే సెల్యులోజ్‌ని, అంటే చక్కెర ముక్కలు గొలుసుల్లా అతుక్కుని ఏర్పడిన గట్టి పీచుని, విడగొట్టే శక్తి మన కడుపుకీ లేదు, ఆవుకీ లేదు. ఆవు కడుపులో నాలుగు అరలున్నాయి. మొదటిదాన్ని రూమెన్ అంటారు. పెద్ద ఆవులో అందులో 100 లీటర్లకు పైగా పడుతుంది. లోపల గాలి ఉండదు, 39 డిగ్రీల వెచ్చదనం. ఆ పని చేసే సూక్ష్మజీవులు ఉండేది అక్కడే. ఒక్క మిల్లీలీటరులో 1000 కోట్ల బాక్టీరియా!

మన వీధి చివర పాత పెంకుటిల్లు విప్పుతుంటే అరుగు మీద కూర్చుని చూశారు కదా, గడ్డిపోచని అలాంటి ఇల్లే అనుకోండి. సెల్యులోజ్ అంటే దూలాలు, వాసాలు. వాటి సందుల్లో గట్టిపడిన గచ్చు లిగ్నిన్. బయటి గోడకి మైనం పూత. ఈ ఇల్లు విప్పే కూలీలు ఆ సూక్ష్మజీవులే. వాళ్లు ఆ నున్నటి గోడ పట్టుకుని ఎక్కలేరు. ఎక్కడ విరిగిందో, ఎక్కడ నలిగిందో అక్కడి నుంచే లోపలికి వెళ్తారు. ఆ దారులు తెరిచేవి ఆవు పళ్లు. నెమరు వేయడమంటే అదే. మింగిన గడ్డిని మళ్లీ నోట్లోకి తెచ్చుకుని, నమిలి, కొత్త గుమ్మాలు తెరిచి పంపడం.

లోపలికి వెళ్లిన కూలీ మొదట చేసేది గట్టిగా పట్టుకోవడం. పట్టు లేనివాడు రూమెన్‌లోని నీటితో పాటు తర్వాతి అరల్లోకి కొట్టుకుపోతాడు. నీళ్లు త్వరగా వెళ్లిపోతాయి, గడ్డి మాత్రం ఒకటి రెండు రోజులైనా అక్కడే ఉంటుంది. పట్టుకుని పనిచేస్తే ఇంకో లాభం, ఊడదీసిన చక్కెర ముందు తన చేతికే అందుతుంది.

ఒక్కొక్కరి పనితనం ఒక్కో తీరు. ఫైబ్రోబాక్టర్ వాసాన్ని వాటేసుకుని దాని పొడవునా పడుకుంటుంది. పడుకున్న చోట గాడి పడుతుంది. రుమినోకాకస్ జాతిలో కొన్ని తమ పనిముట్లన్నీ ఒకే నడుంపట్టీకి తగిలించుకుని వస్తాయి. ఆ పనిముట్లే ఎంజైములు. ఒకటి వాసాన్ని మధ్యలో నరుకుతుంది, ఇంకొకటి చివర నుంచి ముక్కలు తీస్తుంది. బూజు జాతివాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు సన్నటి వేళ్లు దించి, గునపంతో పెకలించినట్టు గోడనే చీలుస్తారు. లిగ్నిన్ గచ్చు మాత్రం వీళ్లెవరికీ లొంగదు. ముదిరిన గడ్డి కంటే లేతగడ్డి ఆవుకి ఎక్కువ బలం ఇచ్చేది అందుకే.

మరి కూలి? చక్కెర వాళ్లు తింటారు. తిని వదిలే ఆమ్లాలు ఆవుకి పోతాయి. అందులో ముఖ్యమైనది ఎసిటిక్ ఆమ్లం, వెనిగర్‌లో ఉండేదే. ఆవు ఒంటికి కావలసిన శక్తిలో దాదాపు 70 శాతం ఈ ఆమ్లాల నుంచే వస్తుంది. పాల మీద మీగడకి కూడా అవే ముడిసరుకు. చివరికి ఆ కూలీలు కూడా నాలుగో అరలోకి జారి అరిగిపోతారు. మీరు తాగే పాలలోని మాంసకృత్తుల్లో వాళ్లున్నారు.

ఇప్పుడు అన్నం సంగతి. మా చిన్నప్పుడు పశువు నలతగా ఉందంటే మా నాన్న మొదట అడిగే మాట "నెమరేస్తోందా?" అని. జ్వరం సంగతి తర్వాత. నేను ఇస్కూలు నుంచి వచ్చి గేదె దవడ వైపే చూసేవాణ్ణి. ఒకసారి పెళ్లింట మిగిలిన అన్నం గుంటలో పోస్తే పొరుగువాళ్ల పాడిగేదె కడుపారా తినేసింది. మర్నాటికి నెమరు ఆగిపోయింది, డొక్క ఉబ్బింది. పశువుల డాక్టరుగారు వచ్చేసరికి చీకటి పడింది. బతకలేదు. ఆ ఇంటి పిల్లలు రెండు రోజులు అన్నం ముట్టలేదు.

అన్నంలోని పిండిపదార్థాన్ని తినే బాక్టీరియా వేరే ఉన్నాయి. ఒక్కసారిగా అంత అన్నం దొరికితే అవి విపరీతంగా పెరిగి రూమెన్‌ని పులియబెట్టేస్తాయి. ఆ పులుపుకి గడ్డి విప్పేవాళ్లు నిలవలేరు. పని ఆగిపోతుంది, ఆవు పడిపోతుంది. పుణ్యమని గుడి దగ్గర ఆవులకి బకెట్ల కొద్దీ పొంగలి పెట్టేవాళ్లని చూస్తే నాకు మనసు ఊరుకోదు. ప్రేమ ఉంటే పచ్చగడ్డి పెట్టండి.

దూడకి పుట్టగానే ఈ కూలీలు లేరు. తల్లి నాకుతుంటే, తల్లి పక్కన మేత కొరుకుతుంటే ఒక్కొక్కరే చేరతారు. అన్ని కోట్ల ప్రాణాలు గాలి తగలని చీకట్లో ఒక్క పోచ కోసం ఇంత పని చేస్తాయా అని నాకు ఈ వయసులోనూ ఆశ్చర్యమే. ఇంతకంటే చెప్పడం నా వల్ల కాదు.

వేసవి సెలవులకి వచ్చినప్పుడు ఆవు ఎడమ డొక్క మీద అరచేయి ఆనించండి. నిమిషానికి ఒకటి రెండుసార్లు లోపల కదలిక తెలుస్తుంది. తర్వాత మెడ వైపు చూడండి, ముద్ద పైకి రావడం కనిపిస్తుంది. ఒక్కో ముద్దని ఎన్నిసార్లు నములుతుందో గోపి లెక్కపెట్టాలి, సుమతి పుస్తకంలో రాయాలి.

ఇట్లు,
మీ తాతయ్య