జియోకేషింగ్‌లో వెతికింది ఒకటి, దొరికింది ఇంకొకటి: అపోహలు - వాస్తవాలు

జియోకేషింగ్ అంటే ఒకరు దాచిన డబ్బాను (దీన్నే కేష్ అంటారు) సైట్‌లో ఇచ్చిన కోఆర్డినేట్లతో, జీపీఎస్ సాయంతో వెతికే ఆట. దొరికినవాళ్లు లోపలున్న లాగ్‌బుక్ అనే చీటీలో పేరు రాసి, సైట్‌లో ఆ కేష్ పేజీలో ‘ఫౌండ్’ అని లాగ్ చేస్తారు. దాచినవారే దాని ఓనర్. ఈ ఆట మొదలైన 2000వ సంవత్సరంలో ఒక కేష్‌కు, ఇంకో కేష్‌కు మధ్య ఎంతో దూరం ఉండేది. ఇప్పుడు చాలాచోట్ల ఒక్క నడకలోనే పది పన్నెండు డబ్బాలు తగులుతున్నాయి. దాంతో ఒకదాని కోసం వెళ్లి మరోదాని మూత తీయడం మామూలైపోయింది. అందులో తప్పేమీ లేదు. ఆ తర్వాత ఏం చేస్తున్నామన్నదే అసలు సంగతి. తప్పు పేజీలో ‘ఫౌండ్’ పడితే, నిజంగా మాయమైన కేష్ కూడా భద్రంగా ఉన్నట్టే కనిపిస్తుంది. ఓనర్ వెళ్లి చూడరు. వెనక వచ్చేవాళ్లు లేని డబ్బా కోసం గంటలు గంటలు వెతుకుతారు.

అపోహ: కోఆర్డినేట్లు సరిపోయాయి కాబట్టి ఇది ఆ కేషే.

వాస్తవం: కోఆర్డినేట్లు చోటు వరకే చెబుతాయి. అక్కడున్న డబ్బా ఏదో చెప్పాల్సింది లోపలి లాగ్‌బుక్కే. ఆకాశం బాగా కనిపించే చోట కూడా ఫోన్ జీపీఎస్ అయిదు మీటర్ల దాకా అటూ ఇటూ అవుతుంది. దాచినవారు కొలిచినప్పుడు వచ్చిన తేడా కూడా దీనికి కలిస్తే పది మీటర్లు దాటొచ్చు. దట్టమైన చెట్ల కింద, కొండ అంచున, ఎత్తయిన గోడల మధ్య సిగ్నల్ తగిలి తిరిగొస్తుంది కాబట్టి తేడా ఇంకా పెరుగుతుంది.

చేత్తో ఎక్కించే అంకెల దగ్గర ఇంకా పెద్ద పొరపాట్లు జరుగుతాయి. కేష్ పేజీల్లో కోఆర్డినేట్లను డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో మూడు దశాంశాల దాకా ఇస్తారు. అక్షాంశంలో చివరి అంకె ఒకటి మారితే తేడా సుమారు 1.85 మీటర్లు. దశాంశం తర్వాతి మొదటి అంకె మారితే 185 మీటర్లు, అంటే పక్క కేష్ దాకా వెళ్లిపోయినట్టే. 30.500 నిమిషాలంటే 30 నిమిషాల 30 సెకన్లు. దాన్ని 30 నిమిషాల 50 సెకన్లుగా చదివితే ఆరు వందల మీటర్లకు పైగా తప్పిపోతారు. యాప్‌లో ఏ ఫార్మాట్ ఎంచుకున్నారో బయల్దేరే ముందే చూసుకోండి.

డబ్బా చేతికొచ్చాక పేరు రాసే ముందు మూడు విషయాలు చూడాలి. మొదటిది, లాగ్‌బుక్ మొదటి పేజీలోనో మూత లోపలో కేష్ పేరు, ‘జీసీ’తో మొదలయ్యే కోడ్ ఉన్నాయా? రెండోది సైజు. మైక్రో అంటే 100 మిల్లీలీటర్ల లోపు, స్మాల్ అంటే లీటరు దాకా, రెగ్యులర్ అంటే ఒకటి నుంచి 20 లీటర్లు. పేజీలో రెగ్యులర్ అని ఉండి చేతిలో ఫిల్మ్ డబ్బీ ఉంటే ఆగి ఆలోచించాల్సిందే. మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు గానీ అన్నిటికన్నా నమ్మకమైనది అదే: చీటీలో చివర ఉన్న రెండు మూడు పేర్లను, తేదీలను పేజీలోని చివరి లాగ్‌లతో పోల్చి చూడండి. వేలి కొనంత నానో డబ్బీల్లో కోడ్ రాసే జాగా ఉండదు. అక్కడ ఆధారం ఇదొక్కటే. చీటీలో చివరి పేరు రెండేళ్ల కిందటిది, పేజీలో మాత్రం పోయిన వారం ఎవరో దొరికిందని రాశారంటే రెండూ ఒకటి కావని దాదాపు తేలిపోయినట్టే.

అపోహ: రెండు కేష్‌ల మధ్య 161 మీటర్లు ఉండాలి కదా, కాబట్టి దగ్గర్లో ఇంకో డబ్బా ఉండదు.

వాస్తవం: నియమం ఉన్నమాట నిజమే. 161 మీటర్లంటే మైలులో పదో వంతు. కానీ అది జియోకేషింగ్ డాట్ కామ్‌లో ఉన్న వేర్వేరు కేష్‌ల మధ్య, వాటి దారిలో డబ్బానో పలకనో పెట్టిన మజిలీల మధ్య వర్తించే నియమం. మజిలీ తర్వాత మజిలీగా చివరి డబ్బాకు చేర్చే ఒకే మల్టీ కేష్‌లోని మజిలీలు ఒకదానికొకటి ఎంత దగ్గరైనా ఉండొచ్చు. పజిల్ విప్పితేనే చోటు తెలిసే మిస్టరీ కేష్‌లో ఫైనల్, అంటే అసలు డబ్బా, పేజీలో ఇచ్చిన చోట ఉండదు, మామూలుగా మూడు కిలోమీటర్ల లోపు ఎక్కడో ఉంటుంది. నియమం దానికీ వర్తిస్తుంది గానీ పజిల్ విప్పనివాళ్లకు మ్యాప్‌లో కనబడదు. దారిలో మంచి దాపు కనిపించిందని చెయ్యి పెడితే అదే బయటపడొచ్చు.

నియమానికి అసలు అందనివి ఇంకా ఉన్నాయి. ఆర్కైవ్ అయ్యాక (సైట్‌లో పేజీ మూతపడ్డాక) ఎవరూ తీయకుండా వదిలేసిన పాత డబ్బాలు, ‘ఓసీ’, ‘ఓపీ’ కోడ్‌లతో ఉండే ఓపెన్‌కేషింగ్ అనే వేరే సైట్ల కేష్‌లు, లెటర్‌బాక్సులు (రబ్బరు స్టాంపుతో ఆడే ఇంకో ఆట పెట్టెలు), ఇంకా పేజీ పబ్లిష్ కాకముందే పెట్టి ఉంచిన కొత్త కేష్‌లు. ఆ చివరి రకం దొరికితే ఎలా ఉన్నది అలాగే పెట్టేసి, పబ్లిష్ అయ్యేదాకా ఎవరికీ చెప్పకుండా ఉండటం మర్యాద.

అపోహ: పజిల్ విప్పకుండా మిస్టరీ ఫైనల్ దొరికితే లాగ్ చేయకూడదు.

వాస్తవం: చేయొచ్చు. ఆ చోటికి వెళ్లి లాగ్‌బుక్‌లో పేరు రాస్తే ఆన్‌లైన్‌లో ‘ఫౌండ్’ పెట్టుకునే హక్కు ఉంటుంది. పజిల్ జవాబు చూపించమని ఓనర్ పట్టుబట్టడానికి లేదు. ఏదో ఒక షరతు పూర్తిచేయాల్సిన ఛాలెంజ్ కేష్‌లు మాత్రం వేరు. సంతకం ఎప్పుడైనా చేయొచ్చు గానీ, షరతు పూర్తయ్యేదాకా ‘నోట్’ మాత్రమే పెట్టి, తర్వాత ‘ఫౌండ్’ చేసుకోవాలి.

అనుకోకుండా దొరికిందని లాగ్‌లో దాచకుండా రాయండి. అయితే ఏ కేష్ కోసం వెళ్తుంటే దొరికిందో, దానికి ఎంత దూరంలో ఉందో రాయొద్దు. ఆ ఒక్క వాక్యంతో ఓనర్ వారాల తరబడి కట్టిన పజిల్ అక్కరకు రాకుండా పోతుంది. ఫొటోలో చెట్టో గోడో కనిపించినా అంతే. ఇంటికొచ్చాక ఆ పజిల్‌ను విప్పి చూడమని మా సలహా. చాలావాటిలో అసలు పనితనమంతా అక్కడే ఉంటుంది.

ఇక మల్టీ కేష్ మధ్య మజిలీ దొరికితే అది ‘ఫౌండ్’ కాదు. అందులో సాధారణంగా లాగ్‌బుక్ ఉండదు, తర్వాతి మజిలీ కోఆర్డినేట్లే ఉంటాయి. వాటిని పట్టుకుని ఫైనల్ దాకా వెళ్లి సంతకం చేస్తే తప్పులేదు.

అపోహ: డబ్బా పక్కకు జరిగినట్టుంది, జీపీఎస్ చూపిన చోట సర్దిపెడితే ఓనర్‌కు మేలు.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ మేలే. అది వేరే కేష్ అయితే మీరు రెండు కేష్‌లను ఒకేసారి పాడుచేసినట్టు: ఒకదాని చోట డబ్బా ఉండదు, ఇంకోదాని చోట రెండుంటాయి. డబ్బాను కదిపే ముందే ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. మూత ఎటు తిరిగి ఉంది, పైన ఏ రాయి, ఏ కొమ్మ అడ్డుగా ఉన్నాయి అన్నవి అందులో పడాలి. పని అయ్యాక ఆ ఫొటో చూస్తూ అలాగే పెట్టండి. నీటికి కొట్టుకొచ్చినట్టో జంతువు లాగినట్టో స్పష్టంగా తెలుస్తుంటే, దొరికిన చోటే కనబడకుండా కప్పి, అక్కడి కోఆర్డినేట్లను ఓనర్‌కు మెసేజ్ చేయండి. దారి పొడుగునా వరసగా కేష్‌లు పెట్టిన పవర్ ట్రెయిల్స్‌లో కొందరు ఒక డబ్బా తీసుకెళ్లి తర్వాతి చోట పెడుతూ పోతారు. ఓనర్ ఒప్పుకోని చోట ఆ అలవాటు పనికిరాదు.

అపోహ: కేష్ కనిపించకపోతే మన డబ్బా ఒకటి పెట్టి సంతకం చేయొచ్చు.

వాస్తవం: దీన్నే త్రోడౌన్ అంటారు. చాలాసార్లు అసలు కేష్ అక్కడే ఉంటుంది, కొత్త డబ్బా దాని పక్కన చేరుతుంది. ఆ తర్వాత వచ్చినవాళ్లంతా సులువుగా దొరికేదాంట్లోనే పేరు రాస్తారు. ఓనర్ ముందుగా ఒప్పుకుంటే తప్ప పెట్టకూడదు. దొరకకపోతే ‘డీఎన్ఎఫ్’ (దొరకలేదు) అని లాగ్ చేయండి. ఓనర్‌ను కదిలించేది అదే. మీకే రెండు డబ్బాలు కనిపిస్తే రెండింటిలోనూ సంతకం చేసి, రెండింటినీ అక్కడే ఉంచి ఓనర్‌కు చెప్పండి. ఏది ఉంచాలో ఏది తీయాలో వాళ్ల నిర్ణయం.

అపోహ: లోపలున్న రబ్బరు స్టాంపు మార్చుకునే బహుమతి.

వాస్తవం: స్టాంపు, చిన్న పుస్తకం కనిపించి జీసీ కోడ్ లేకపోతే అది బహుశా లెటర్‌బాక్స్. ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్‌లో 1854లో మొదలైన ఆట అది, జియోకేషింగ్‌కు ఒకటిన్నర శతాబ్దం పెద్దది. స్టాంపు ఆ పెట్టెదే. మీ కాగితం మీద ముద్ర వేసుకుని తిరిగి పెట్టేయాలి. జీసీ కోడ్, స్టాంపు రెండూ ఉంటే అది లెటర్‌బాక్స్ హైబ్రిడ్. అక్కడా స్టాంపు తీసుకెళ్లకూడదు.

ట్రావెల్ బగ్ (కేష్ నుంచి కేష్‌కు ప్రయాణించే కోడ్ బిళ్ల) అయితే తీసుకెళ్లొచ్చు. కాకపోతే ఏ కేష్‌లోంచి తీశారో సరిగ్గా తేల్చుకున్నాకే లాగ్ చేయండి. తప్పు పేరు పడితే దాని ప్రయాణమార్గమూ తప్పుతుంది.

అపోహ: దాచి ఉన్నది ఏదైనా తెరిచి చూడొచ్చు.

వాస్తవం: ఎలుకల మందు పెట్టెలు, కరెంటు బాక్సులు, నీటి వాల్వుల మూతలు, ఎవరో తాళంచెవి దాచుకున్న డబ్బీలు బయటికి కేష్‌ల్లాగే ఉంటాయి. పేజీలో పనిముట్టు కావాలని రాయకపోతే, స్క్రూడ్రైవర్ లేనిదే రానిదాన్ని ముట్టుకోకండి. తిండి, మద్యం, మత్తుపదార్థాలు, పేలుడు పదార్థాలు కేష్‌లో పెట్టకూడదని నియమం. కాబట్టి లాగ్ షీట్ లేకుండా అలాంటివి కనిపించినా, సిరంజిలు, వైర్లు కనిపించినా ఏదీ ముట్టుకోకుండా వెనక్కి వచ్చి పోలీసులకు చెప్పండి.

అపోహ: తప్పు పేజీలో లాగ్ పడిపోయింది, ఇక చేసేదేమీ లేదు.

వాస్తవం: రెండు నిమిషాల పని. తప్పు లాగ్‌ను తీసేసి, డబ్బాపై కోడ్‌ను సైట్‌లో వెతికి, అదే తేదీతో సరైన పేజీలో పెట్టండి. అది ఆర్కైవ్ అయిన కేష్ అయినా, పేజీకి తాళం వేయకపోతే లాగ్ పడుతుంది. అయినా చెత్త అనుకుని ఆ డబ్బాను సంచిలో వేసుకోకండి. వేరే సైట్‌లో అది ఇంకా నడుస్తూ ఉండొచ్చు. ముందు ఓనర్‌ను అడగండి. జవాబు రాకపోతే సైట్ తరఫున కేష్‌లను పరిశీలించే ఆ ప్రాంతపు రివ్యూయర్‌కు కోడ్‌, ఫొటో పంపండి.