పెడ్రా బ్రాంకా తగవు వెనుక ఒక సర్వేయరు

సింగపూర్‌కు తూర్పున దాదాపు 24 నాటికల్ మైళ్ల దూరంలో, సముద్రం మధ్య పెడ్రా బ్రాంకా అనే రాతిదిబ్బ ఉంది. పొడవు 137 మీటర్లు, అంతే. దానికోసం సింగపూర్, మలేసియా అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లాయి. ఈ తగవు అర్థం కావాలంటే జాన్ టర్న్‌బుల్ థామ్సన్ గురించి తెలియాలి.

1821లో ఇంగ్లండ్‌లోని నార్తంబర్లాండ్‌లో పుట్టిన థామ్సన్, 1838లో మలయా తీరంలోని పెనాంగ్ దీవి చేరాడు. 1841లో బ్రిటిష్ పాలనలోని సింగపూర్‌లో ప్రభుత్వ సర్వేయరయ్యాడు. కొలతల పని చేస్తూనే నీటిరంగుల బొమ్మలు వేసేవాడు. సింగపూర్‌లోని కంపాంగ్ గ్లామ్ పేటలో ఉన్న పాత మసీదును 1846లో చిత్రించాడు. ఇప్పుడు అక్కడున్నది గుమ్మటాల కట్టడం. అంతకుముందున్న అంచెల కప్పు ఎలా ఉండేదో ఆ బొమ్మే చూపుతుంది. ఫొటోలు అరుదైన ఆ రోజుల్లో ఇంతకు మించిన సాక్ష్యం ఏముంటుంది?

సింగపూర్ జలసంధి ముఖద్వారంలో ఓడలు రాళ్లకు తగిలి మునిగిపోతుండడంతో, పెడ్రా బ్రాంకాపై దీపస్తంభం కట్టే బాధ్యత ఆయనకు అప్పగించారు. థామ్సన్ తొందరపడలేదు. ముందుగా రాతిపై ఇటుక స్తంభాలు కట్టించి, ఈశాన్య రుతుపవనాల అలల ధాటికి అవి ఏమవుతాయో పరీక్షించాడు. సింగపూర్ దగ్గరి పులావ్ ఉబిన్ దీవి నుంచి గ్రానైట్ తెప్పించి, 1850లో పని మొదలుపెట్టి, 1851లో హార్స్‌బర్గ్ అనే ఆ దీపస్తంభాన్ని వెలిగించాడు. పని జరిగిన తీరంతా వివరంగా రాసిపెట్టాడు. ఆరోగ్యం చెడి 1853లో సింగపూర్ వదిలాడు. తర్వాత న్యూజిలాండ్ వెళ్లి, 1876లో ఆ దేశపు తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు.

1979లో మలేసియా ఈ దిబ్బను తన జలాల్లో చూపుతూ మ్యాపు ప్రచురించింది. మరుసటి ఏడాది సింగపూర్ అభ్యంతరం చెప్పింది. కేసు విచారణలో థామ్సన్ రాతలను న్యాయమూర్తులు నిశితంగా పరిశీలించారు. నిర్మాణం సాగుతుండగా ఇప్పుడు మలేసియా రాష్ట్రమైన జొహోర్ ఉన్నతాధికారి (తెమెంగ్గొంగ్) పరివారంతో దిబ్బకు వచ్చిన సంగతి కూడా అక్కడ చర్చకు వచ్చింది. అయితే దీపస్తంభం కట్టినంత మాత్రాన హక్కు వచ్చినట్టు న్యాయస్థానం తేల్చలేదు. అది సరైన వైఖరే. పరాయి ప్రభుత్వం కట్టడం కట్టగానే నేల దానిదైపోతే వలస పాలనకు హద్దేముంటుంది?

దిబ్బ మొదట జొహోర్ సుల్తానుదేనని కూడా న్యాయస్థానం అంగీకరించింది. తీర్పును మలుపు తిప్పింది 1953 నాటి ఉత్తరం. పెడ్రా బ్రాంకాపై యాజమాన్య హక్కు తాము కోరడం లేదని జొహోర్ అధికారి సింగపూర్‌కు అందులో రాశాడు. 2008 మే 23న దిబ్బ సింగపూర్‌దని, పక్కనున్న మిడిల్ రాక్స్ అనే రాళ్లు మలేసియావని తీర్పు వచ్చింది. పునఃసమీక్ష కోరుతూ 2017లో వేసిన దరఖాస్తును మలేసియా 2018లో ఉపసంహరించుకుంది.