సురత్రాణ నుంచి సర్నా దాకా: 'హిందువు' అనే మాట

1955 నాటి హిందూ వివాహ చట్టంలో రెండో సెక్షన్ ఒకసారి చదవాలి. వీరశైవులు, లింగాయతులు, బ్రహ్మ, ప్రార్థనా, ఆర్య సమాజాల వాళ్లు హిందువుల్లోకే వస్తారంటుంది. బౌద్ధ, జైన, సిక్కు మతస్థులకూ ఈ చట్టమే అంటుంది. అసలు మెలిక ఆ తర్వాత ఉంది. ముస్లిం, క్రైస్తవ, పార్సీ, యూదు మతాలకు చెందనివాళ్లంతా, తమకు వర్తించదని రుజువు చేసుకుంటే తప్ప, దీని కిందికే వస్తారు. ఏం నమ్మితే హిందువో మాత్రం ఎక్కడా లేదు. చట్టం రాసినవాళ్ల చేతగానితనం కాదిది. ఆ మాట మొదట్నుంచీ అలాగే బతికింది.

పుట్టుకలో అది ప్రాంతం పేరు. సింధు నది అవతలివాళ్ల నోట 'హిందు' అయింది. పర్షియా చక్రవర్తి డేరియస్ శాసనాల్లో 'హిందుష్' ఒక రాష్ట్రం. ఇక్కడివాళ్లకు చాలాకాలం ఆ పేరుతో పని పడలేదు. 13వ శతాబ్దపు తెలుగునేల మీద తగాదా శైవ, వైష్ణవ, జైనుల మధ్య. పాల్కురికి సోమనాథుడి దృష్టిలో మనుషులు రెండే రకాలు: శివభక్తులు, కానివాళ్లు అంటే భవులు. విష్ణువును కొలిచేవాడూ భవే. ఆ రోజుల్లోనే తిక్కన తన భారతాన్ని హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. శివకేశవులు ఒకటేనని అంత గట్టిగా చెప్పాల్సి వచ్చిందంటే, అలా అనుకోనివాళ్లు చాలామందే ఉండి ఉంటారు.

తర్వాతి శతాబ్దంలో విజయనగర రాజుల శాసనాల్లో 'హిందూరాయ సురత్రాణ' బిరుదు కనిపిస్తుంది. సురత్రాణ అంటే ఎవరో కాదు, సంస్కృత వేషం కట్టిన సుల్తానే! ఎదుట తురకలు నిలబడ్డాక ఇటువైపు ఉమ్మడి పేరు అవసరమైంది. దానికి గొప్పదనం తెచ్చే మాటనూ వాళ్ల దగ్గరే అరువు తెచ్చుకున్నారు. అందుకే 'హిందువు' బ్రిటిష్‌వాళ్ల కల్పన అనే వాదన నాకు సగమే మింగుడుపడుతుంది. అయితే అది రాజుల బిరుదు. ఓ కుమ్మరినో కాపునో నువ్వెవరివని అడిగితే కులం చెప్పేవాడు, ఊరు చెప్పేవాడు.

వాళ్లను మతం అడిగింది జనగణన, 1871–72 నుంచి. 1911 లెక్కలకు ముందు కమిషనర్ గేట్ పంపిన ప్రశ్నలు చూడండి: బ్రాహ్మణుల ఆధిక్యం ఒప్పుకుంటారా? వేదం ప్రమాణమా? గుడి లోపలికి రానిస్తారా? శవాన్ని పూడుస్తారా? గొడ్డుమాంసం తింటారా? నిజాయతీగా జవాబు రాస్తే దళితుల్లో, ఆదివాసుల్లో కోట్ల మంది హిందువుల లెక్కలోంచి జారిపోతారు. 1909లో ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు వచ్చాయి. తలల లెక్కే సీట్ల లెక్క అయింది. గడప తొక్కనివ్వనివాళ్లను పట్టికలో మాత్రం వదులుకోలేని స్థితి.

1915లో హిందూ మహాసభ వచ్చింది. 1923లో సావర్కర్ ఇచ్చిన నిర్వచనం పితృభూమి, పుణ్యభూమి రెండూ ఈ దేశమే అయినవాడు హిందువని. ఇదీ పూజను బట్టి గీసిన గీత కాదు, ఎవరిని అవతల ఉంచాలో చూసి గీసింది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేడ్కర్ లక్షల మందితో బౌద్ధంలోకి వెళ్లిపోయారు. పెళ్లి, వారసత్వం విషయంలో బౌద్ధుడు చట్టం కంట హిందువే. ఎస్సీ హోదా విషయంలో మాత్రం కాదు, అది బౌద్ధులకు 1990లో గానీ దక్కలేదు. క్రైస్తవం తీసుకున్న దళితులకు ఈనాటికీ లేదు.

బయటికి పోతామన్న ప్రతివాళ్లకీ దారి దొరకలేదు. తమది హిందూమతం కాదన్న స్వామినారాయణ సత్సంగులకు 1966లో, రామకృష్ణ మిషన్‌కు 1995లో సుప్రీంకోర్టు మీరూ హిందువులేనని చెప్పింది. ఇప్పుడు వంతు ఆదివాసులది. 2011 జనగణనలో మతం గడిలో 'సర్నా' (ప్రకృతిని కొలిచే ఆదివాసుల మతం) అని రాయించుకున్నవాళ్లు దాదాపు 50 లక్షలు. జనగణనలో సర్నాకు వేరే కోడ్, అంటే విడిగా ఒక మతం గడి, కావాలని 2020 నవంబరులో జార్ఖండ్ అసెంబ్లీ తీర్మానం చేసింది.