ఇంటినిండా మనుషులున్నా...

పెద్దవాళ్లలో డిప్రెషన్ చాలాసార్లు దిగులుగా కనపడదు. మోకాళ్లు లాగుతున్నాయంటారు, నిద్ర పట్టట్లేదంటారు, నోటికి ఏదీ రుచించట్లేదంటారు. వినేవాళ్లు కూడా వయసు మీద పడింది కదా అని సరిపెట్టుకుంటారు. నిజానికి అది ముసలితనంలో భాగమేమీ కాదు, జబ్బు.

ఈ జబ్బుకు దారితీసే వాటిలో ఒంటరితనం ఒకటి. ఒక్కరే ఉంటూ హాయిగా కాలక్షేపం చేసేవాళ్లున్నారు. ఇంటినిండా మనుషులున్నా ఎవరికీ పట్టనట్టు బతికేవాళ్లూ ఉన్నారు. అందుకే పరిశోధకులు ఒంటరితనాన్ని కొలిచేటప్పుడు చుట్టూ ఎంతమంది ఉన్నారని కాకుండా, తోడు లేదనిపిస్తోందా, పక్కన పెట్టేశారనిపిస్తోందా అని అడుగుతారు.

మరి ఒంటరితనం వల్ల డిప్రెషన్ వస్తుందా, డిప్రెషన్ వల్ల మనుషులకు దూరమవుతారా? షికాగో విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ కాసియోపో బృందం 50 దాటినవాళ్లను అయిదేళ్లపాటు గమనించి, 2010లో ఫలితాలు ప్రకటించింది. ఒక ఏడాది ఒంటరితనం ఎక్కువగా ఉన్నవాళ్లలో మరుసటి ఏడాదికి డిప్రెషన్ లక్షణాలు పెరిగాయి. డిప్రెషన్ ముందుండి, ఒంటరితనం తర్వాత పెరిగిన దాఖలా మాత్రం వాళ్లకు దొరకలేదు. దీనికి కాసియోపో చెప్పిన కారణం నాకు బాగా నచ్చింది. ఒంటరితనంలో ఉన్న మనసు ఎప్పుడూ కాపలా కాస్తుంటుంది. ఎవరో హడావుడిలో పలకరించకుండా వెళ్లిపోతే, కావాలనే చేశారనుకుంటుంది. ఆ అనుమానంతో ఒంటరితనంలో ఉన్న మనిషి ముభావంగా ఉంటారు, ఎదుటివాళ్లూ పలకరించడం తగ్గించేస్తారు. అనుమానమే నిజమైపోతుంది.

వినికిడి తగ్గడం కూడా ఇలాంటి పనే చేస్తుంది. నలుగురు కూర్చుని కబుర్లాడుతుంటే సగం మాటలు అందవు. మళ్లీ మళ్లీ అడగాలంటే మొహమాటం. అందరూ నవ్వినప్పుడు తనూ నవ్వి ఊరుకుంటారు. కొన్నాళ్లకు అసలు అక్కడికి రావడమే మానేస్తారు. మనమేమో ఆయనకు మనుషులంటే విసుగనుకుంటాం!

ఫోన్ సంగతి కొంచెం ఇబ్బందికరం. "తిన్నారా, మందులు వేసుకున్నారా, సరే ఉంటాను" అంటే పలకరింపు అయిపోయినట్టే లెక్క చాలామందికి. అమెరికాలో 50 దాటిన సుమారు 11,000 మందిపై చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. వారానికి కనీసం మూడుసార్లు తమవాళ్లను నేరుగా కలిసేవాళ్లలో, రెండేళ్ల తర్వాత డిప్రెషన్ లక్షణాలు కనిపించే అవకాశం 6.5 శాతం. కొన్ని నెలలకోసారో, అంతకంటే అరుదుగానో కలిసేవాళ్లలో 11.5 శాతం. ఫోన్‌కాల్స్ పెరిగినంత మాత్రాన ఇలాంటి మేలు కనపడలేదు. ఇది గమనించి చెప్పిన లెక్కే కాబట్టి కలవడమే మందు అని తేల్చేయలేం. అయినా ఫోన్ చేశాంలే అని నిశ్చింతగా ఉండటానికీ లేదు.

ఆకలి, నిద్ర, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే మాత్రం కబుర్లతో సరిపెట్టకుండా డాక్టర్‌కి చూపించాలి. థైరాయిడ్, బీ12 లోపం కూడా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి రక్తపరీక్షలు అవసరం కావచ్చు. డిప్రెషనేనని తేలితే, కౌన్సెలింగ్, మందులు ఎనభైలో ఉన్నవాళ్లకూ పనిచేస్తాయి.