పిక్ లైనా, పోర్టా: ఈ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చింది

కీమో మొదలుపెట్టే ముందు డాక్టరు "పిక్ లైన్ పెడదామా, పోర్ట్ పెడదామా" అంటే చాలామంది ముందు ఖర్చెంత అని అడుగుతారు. పిక్ అంటే చేతి నరంలోంచి గుండె దగ్గరి పెద్ద నరం దాకా పంపే సన్నటి గొట్టం, పోర్ట్ అంటే అలాంటి గొట్టానికే తగిలించి చర్మం కింద దాచే చిన్న డబ్బీ. తప్పేం లేదు, పోర్ట్ అంటే చిన్న ఆపరేషనే కదా. కానీ వీటిలో ఒక్కోటి ఒక్కో రకం పేషెంట్ కోసం పుట్టింది, ఆ సంగతి మన దాకా రాదు.

చేతి నరంలోంచి గుండె దాకా గొట్టం పంపొచ్చని 1929లో చూపించింది జర్మనీ డాక్టర్ వెర్నర్ ఫోర్స్‌మన్. పైవాళ్లు వద్దన్నా వినకుండా తన చేతిలోకే గొట్టం ఎక్కించుకుని, అలాగే నడుచుకుంటూ వెళ్లి ఎక్స్‌రే తీయించుకున్నాడు. నోబెల్ 1956లో వచ్చింది లెండి.

నెలల తరబడి ఉంచే గొట్టం అవసరం మాత్రం తిండి దగ్గర మొదలైంది. పేగులు పనిచేయని వాళ్లకి నరంలోంచే పోషకాలు ఎక్కించాలి, ఆ చిక్కటి ద్రావణం చేతి నరాల్ని పాడుచేస్తుంది, గుండె దగ్గరి పెద్ద నరంలో అయితే రక్తం జోరుకి వెంటనే పలచబడిపోతుంది. అందుకే 1973లో అమెరికాలోని సియాటిల్‌లో డాక్టర్ బ్రోవియాక్ మెత్తటి సిలికాన్ గొట్టాన్ని ఛాతీ చర్మం కింద కొంత దూరం నడిపించి బయటికి తీశాడు. గొట్టానికి చుట్టిన చిన్న గుడ్డ పట్టీలోకి కండ పెరిగి దాన్ని పట్టుకుంటుంది, క్రిములకీ అడ్డం పడుతుంది. 1979లో డాక్టర్ హిక్‌మన్, బోన్ మ్యారో మార్పిడి పేషెంట్ల కోసం దాన్నే లావు చేశాడు. పని బాగానే చేసింది, కాకపోతే కొస ఎప్పుడూ ఛాతీ మీద వేలాడుతూనే ఉంటుంది, స్నానం చేసిన ప్రతిసారీ టెన్షనే. 1980ల మొదట్లో వచ్చిన పోర్ట్ ఆ బాధ తీర్చింది: మొత్తం చర్మం కిందే, మందు ఎక్కించేటప్పుడే సూది, మధ్యలో నెలకోసారో ఇంకాస్త ఆగో ఫ్లష్, అంటే గొట్టం పూడుకుపోకుండా కడగడం.

పిక్ లైన్ కథ వేరు. 1970ల నుంచీ ఉన్నదే, అల్ట్రాసౌండ్ చూసుకుంటూ మంచం దగ్గరే నర్సులు పెట్టగలిగాక ఊపందుకుంది. నా లెక్కలో అది అంతలా పాకింది మేలైనదని కాదు, పెట్టడం సులువని. చేతి నరాల్లో రక్తం గడ్డలు కట్టే ప్రమాదం మిగతా సెంట్రల్ లైన్ల (గుండె దగ్గరి పెద్ద నరం దాకా వెళ్లే గొట్టాల) కంటే పిక్‌తో ఎక్కువని 2013లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 2021లో అదే పత్రికలో వెయ్యిమందికి పైగా బ్రిటన్ క్యాన్సర్ పేషెంట్ల మీద చేసిన పరీక్ష వచ్చింది, అందులో పిక్ వాళ్లలో 47 శాతం మందికి ఇబ్బందులొస్తే పోర్ట్ వాళ్లలో 32 శాతానికే. అలాగని ఆరు వారాలు రోజూ యాంటీబయాటిక్ ఎక్కించాల్సిన మనిషికి పోర్ట్ ఎందుకు? అక్కడ పిక్కే సరి.

కిడ్నీల మాట మాత్రం గట్టిగా చెప్పాలి. రేపు డయాలసిస్ కోసం ఫిస్టులా (సిరనీ ధమనినీ కలిపే ఆపరేషన్) వేయాల్సింది ఆ చేతి నరాలతోనే, పిక్ వల్ల అవి మూసుకుపోతే మళ్లీ రావు. కిడ్నీ పనితీరు ఓ మోస్తరుకు మించి తగ్గిన వాళ్లకి పిక్ వద్దని 2015 మిషిగన్ మార్గదర్శకాలు చెప్పాయి. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం లాంటి చోటి నుంచి వచ్చిన పేషెంటైతే, చేయి చాపే ముందే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్ట్ డాక్టరు ముందు పెట్టాలి.